టికెట్ ఒక్కటే ఉండాలె, స్లిప్పు చదువుకోవాలె

మా పాలమూరు నుంచి పిల్లల దగ్గరికి అమెరికా పోయే అమ్మానాన్నలు ఈమధ్య ఎక్కువయ్యారు కాబట్టి ఈ మాట చెప్పాలనిపించింది. నాలుగు పైసలు తగ్గుతాయని శంషాబాద్ నుంచి మధ్యలో విమానం మారే ఊరి దాకా ఒక టికెట్, అక్కడి నుంచి ఇంకోటి విడివిడిగా కొనకండి. రెండూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద లేకపోతే మొదటి విమానం లేటై రెండోది తప్పినా ఎవరూ బాధ్యత తీసుకోరు, పైగా లగేజీ మధ్యలోనే దిగిపోవచ్చు, దాన్ని తెచ్చుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, చాలా దేశాల్లో దానికి వీసా అడుగుతారు. మా చిన్నమ్మ ఇట్లనే ఇరుక్కొని రాత్రంతా కుర్చీలోనే కూర్చుంది, భాష రాదు, ఫోన్‌లో చార్జింగ్ లేదు, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఒకే టికెట్ అయినా, అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే సాధారణంగా బ్యాగులు తీసుకొని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పజెప్పాలి. పెద్దవాళ్లయితే అక్కడ మూడు గంటలైనా గ్యాప్ పెట్టండి. శంషాబాద్ కౌంటర్‌లో ఇచ్చే లగేజీ స్లిప్పు మీద చివరి ఊరి కోడ్ ఉందో లేదో, డల్లాస్ అయితే డీఎఫ్‌డబ్ల్యూ అని, అక్కడే నిలబడి చదవండి.

ఆవకాయ చెక్-ఇన్ బ్యాగులో, పవర్ బ్యాంకు చేతి బ్యాగులో.

తేదీ కూడా చూసుకోండి: 15వ తేదీ తెల్లవారుజాము 3 గంటల విమానమంటే 14 రాత్రి 10 గంటలకల్లా పాలమూరు నుంచి శంషాబాద్ పోయే దారిలో జడ్చర్ల దాటి ఉండాలి.