కిక్కిరిసిన హెవీ మెటల్ కచేరీకి కజిన్స్‌తో కలిసి ఎలా వెళ్లాలి?

స్నేహితుల బృందం ఒకే అభిరుచి మీద ఏర్పడుతుంది. కజిన్స్ బృందం అలా ఏర్పడదు. పెద్దమ్మ కొడుకు పదేళ్లుగా మెటల్, అంటే గిటార్లూ డ్రమ్సూ హోరెత్తే రాక్ సంగీతం, వింటూ ఉంటాడు, బాబాయి కూతురికి ఆ బ్యాండ్ పాటలు నాలుగే తెలుసు, మేనత్త కొడుకు అందరూ వెళ్తున్నారు కాబట్టి తనూ బయలుదేరతాడు. పైగా పిల్లలందరినీ ఇంటి పెద్దలు వారిలో ఒకరి మీద భరోసాతో పంపిస్తారు. వేల మంది నిలబడి చూసే కచేరీలో ఈ తేడాలే చిక్కులు తెస్తాయి. అందుకే ఈ వ్యాసంలోని సూచనలన్నిటికీ ఆధారం ఒకే నియమం: ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు వెనక్కి రావాలో నిర్ణయించే హక్కు బృందంలో అందరికంటే తక్కువ అలవాటు ఉన్నవారిది.

తెలుగు రాష్ట్రాల మెటల్ అభిమానులకు పెద్ద కచేరీ అంటే చాలాకాలంగా బెంగళూరు ప్రయాణమే. పేరున్న మెటల్ బ్యాండ్లు ఐరన్ మెయిడెన్ 2007 మార్చి 17న, మెటాలికా 2011 అక్టోబర్ 30న వాయించినది అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లోనే. బెంగళూరు ఓపెన్ ఎయిర్ అనే మెటల్ ఉత్సవం 2012లో ఆ నగరంలోనే మొదలైంది. కాబట్టి ఈ సూచనలు అలాంటి ఆరుబయలు కచేరీని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

1. టికెట్ కొనకముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి

అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో "జనంలో నీకు ఇబ్బందిగా ఉంటుందా?" అని అడిగితే ఎవరూ అవునని చెప్పరు. బృందంలో పెద్దవారు తక్కినవారికి ఒక్కొక్కరికే ఫోన్ చేసి, ఆస్తమా వంటిది ఉందా, ఇరుకులో ఊపిరాడనట్టు అనిపిస్తుందా, మూడు నాలుగు గంటలు నిలబడగలరా అని అడగాలి. తిరుమల క్యూలోనో మేడారం జాతరలోనో నిలబడిన అనుభవం కొంత పనికొస్తుంది గాని, అక్కడ జనం ఎక్కువగా ఒక దిక్కుకు నెమ్మదిగా కదులుతారు. మెటల్ కచేరీలో జనం స్టేజీ వైపు ఒత్తుకుంటూనే, పాట వేగాన్ని బట్టి ఒక్కసారిగా ముందుకూ పక్కకూ ఊగుతారు.

టికెట్లు అందరికీ ఒకే విభాగంలో కొనండి. స్టేజీ ముందు నిలబడే విభాగానికీ వెనుక విభాగానికీ మధ్య బారికేడ్ ఉంటుంది; ఒకసారి లోపలికి వెళ్లాక అటువారు ఇటు రాలేరు, ఏదైనా అవసరం వచ్చినా చేరుకోలేరు. వయసు పరిమితి కచేరీకీ కచేరీకీ మారుతుంది కనుక, పద్దెనిమిది నిండనివారు ఉంటే ఆ షరతును డబ్బు కట్టే ముందే చదవాలి.

ఇంట్లో నిజమే చెప్పండి. స్నేహితుడి పెళ్లి అని చెప్పి బయలుదేరితే, నిజంగా సాయం కావలసిన సమయంలో ఇంటికి ఫోన్ చేయడానికి చెయ్యి రాదు. మెటల్ అభిమానులు పట్టే వేళ్ల గుర్తును, అంటే చూపుడు వేలు, చిటికెన వేలు పైకెత్తి పట్టే గుర్తును చూసి పెద్దమ్మో అమ్మమ్మో కంగారు పడితే, దాన్ని మెటల్ లోకంలో ప్రచారం చేసిన గాయకుడు రోనీ జేమ్స్ డియో, ఇటలీ మూలాలున్న తన నాయనమ్మ దిష్టి తగలకుండా ఆ గుర్తు పట్టేదని చెప్పుకున్నాడని వివరించండి. గుమ్మానికి గుమ్మడికాయ కట్టే మన ఇళ్లలో ఆ మాట వెంటనే అర్థమవుతుంది.

2. చెవులను కాపాడుకునే ఏర్పాటు ముందే చేసుకోండి

ఈ ఒక్క విషయాన్ని చాలామంది పట్టించుకోరు గాని, కచేరీలో నూటికి నూరు మందికీ ఎదురయ్యే ప్రమాదం ఇదే. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటల వరకు వినవచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ స్థలాలకు సూచించిన గరిష్ఠ సగటు కూడా 100 డెసిబెల్సే, కాని పెద్ద స్పీకర్ల దగ్గర శబ్దం దాన్ని సులువుగా దాటిపోతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సన్నని రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ మొలవవు.

చెవిలో దూది పెట్టుకుంటే దాదాపు ఏ రక్షణా ఉండదు. మందుల షాపులో దొరికే, స్పాంజిలా మెత్తగా ఉండి చెవిలో దూర్చుకునే నురుగు ఇయర్ ప్లగ్‌లు చాలు. పాట స్పష్టత చెడకూడదనుకునేవారు సంగీతం వినడానికి ప్రత్యేకంగా చేసినవి కొనుక్కోవచ్చు. నురుగు ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనుక నుంచి తీసుకువచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బి బిగుసుకునే వరకు అర నిమిషం వేలితో పట్టి ఉంచాలి. మొదటిసారి వచ్చే చిన్నవారికి ఇది ఇంట్లోనే నేర్పండి. చీకట్లో, డ్రమ్స్ మోగుతుండగా నేర్పడం సాధ్యం కాదు. ఒకటి రెండు జతలు అదనంగా ఉంచుకోండి, ఎందుకంటే ఎవరో ఒకరిది కింద పడిపోతుంది.

3. పడిపోని, చిక్కుకోని దుస్తులు వేసుకోండి

లేసులు గట్టిగా కట్టుకునే బూట్లు తప్పనిసరి; చెప్పులతో వచ్చినవారి కాళ్లు మొదటి అరగంటలోనే నలిగిపోతాయి. చున్నీ, పొడవాటి గొలుసు, వేలాడే చెవిపోగులు పక్కవారి చేతికి చిక్కుకుని లాగుతాయి కనుక వాటిని బసలోనే వదిలిపెట్టాలి. పొడవాటి జుట్టును జడ వేసుకోవాలి. కళ్లద్దాలకు వెనుక నుంచి తాడు కట్టుకోవాలి.

మెటల్ కచేరీలో దాదాపు అందరూ నల్ల టీషర్టులోనే ఉంటారు. "మా తమ్ముడు నల్ల టీషర్టు వేసుకున్నాడు" అని సెక్యూరిటీ వారికి చెబితే దానికి అర్థం ఉండదు. మీరంతా ఎడమ చేతి మణికట్టుకు ఒకే రంగు రుమాలు, పసుపో నారింజో కట్టుకోండి; గేటు దగ్గర అందరూ కలిసి నిలబడి ఒక ఫొటో తీసుకోండి. ఎవరైనా తప్పిపోతే ఆ రోజు వేసుకున్న బట్టలతో ఉన్న ఆ ఫొటోయే అక్కరకొస్తుంది.

కచేరీకి రెండు గంటల ముందు పెరుగన్నమో ఇడ్లీయో కడుపు నిండా తినండి. లోపలికి నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు, పెద్ద సంచులు చాలాచోట్ల రానివ్వరు, కాబట్టి అనుమతి లేనివాటి జాబితాను ముందురోజే చూసుకోవాలి.

4. జంటలుగా విడిపోయి, కలుసుకునే చోటు ఖాయం చేసుకోండి

ఐదుగురు చేతులు పట్టుకుని గొలుసులా నడిస్తే జనం ఆ గొలుసును తెంపేస్తారు, తెగిన చోట చేతులు మెలిపడతాయి. ఇద్దరిద్దరు జంటగా ఉండటం మేలు. ప్రతి జంటలో ఒకరు అలవాటున్నవారు, ఒకరు కొత్తవారు. బేసి సంఖ్య అయితే ముగ్గురు ఒక జట్టు కావచ్చు, ఒక్కరు మాత్రం ఎప్పుడూ మిగలకూడదు.

జనం కిక్కిరిసినప్పుడు ఫోన్ నెట్‌వర్క్ మొరాయిస్తుంది. ఇంటర్నెట్ అందని చోట కూడా మామూలు ఎస్సెమ్మెస్ కొన్నిసార్లు వెళ్తుంది, అయితే దాని మీదే ఆధారపడకూడదు. లోపలికి వెళ్లగానే, స్టేజీకి దూరంగా, కదలని ఒక గుర్తును ఎంచుకోండి: ప్రథమ చికిత్స గుడారం అన్నిటికంటే మంచిది, ఎందుకంటే అక్కడ వెలుతురు, సిబ్బంది ఉంటారు. విడిపోయినవారు వెతుక్కుంటూ తిరగకుండా నేరుగా అక్కడికే రావాలి. ఫోన్ పోయినా పనికొచ్చేలా పెద్దవారి నంబరు రాసిన కాగితం ప్రతి ఒక్కరి జేబులోనూ ఉండాలి.

5. నిలబడే చోటును కొత్తవారే ఎంచుకోనివ్వండి

కొన్నేళ్ల క్రితం మేము ఐదుగురం హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కి బెంగళూరులో ఒక కచేరీకి వెళ్లాము. నేనే పెద్దవాణ్ణి. మా పిన్ని కూతురికి అది మొదటి మెటల్ కచేరీ. నేను అందరినీ స్టేజీ ముందుకు తీసుకువెళ్లాను. మూడో పాట మధ్యలో ఆమె నా భుజం మీద రెండుసార్లు తట్టింది. నేను "ఈ పాట అవ్వనీ" అన్నాను. పాట ముగిసేలోపు జనం ఒక్కసారిగా ఊగడంతో ఆమె నా పక్కన లేకుండా పోయింది. నలభై నిమిషాల తర్వాత ప్రథమ చికిత్స గుడారంలో కనిపించింది. ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాళ్లు ఇద్దరు ఆమెను బారికేడ్ దాకా మోసుకువెళ్లి సిబ్బందికి అప్పగించారట. ఆ ఇద్దరికీ నేను ఈరోజుకీ రుణపడి ఉన్నాను. అప్పటి నుంచి మా ఇంటి పిల్లల మధ్య భుజం మీద రెండు తట్లకు ఒకే అర్థం: ఇప్పుడే, ప్రశ్న వేయకుండా, వెనక్కి నడవాలి.

జనం ఒత్తిడికి ఒక లెక్క ఉంది. చదరపు మీటరుకు ముగ్గురు నలుగురు ఉన్నంతవరకు ఎవరి అడుగు వారి అదుపులో ఉంటుంది. ఐదుగురు దాటాక ప్రమాదం మొదలవుతుంది, ఆరేడుగురయ్యేసరికి జనం నీళ్లలా అలలుగా కదులుతారు, మనిషి తన ఇష్టంతో కదలలేడు. అంకెలు గుర్తులేకపోయినా ఒక పరీక్ష గుర్తుంచుకోండి: రెండు చేతులనూ ముఖం దాకా సులువుగా ఎత్తలేకపోతే ఆ చోటును అప్పుడే వదిలేయాలి.

ఇంగ్లండ్‌లోని డానింగ్టన్‌లో 1988 ఆగస్టు 20న జరిగిన మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ ఉత్సవంలో, వానకు తడిసిన నేల మీద జనం కూలి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రాస్కిల్డ్ ఉత్సవంలో స్టేజీ ముందు తొమ్మిది మంది మరణించారు. ఇటువంటి ఘటనల్లో ప్రాణాలు ఎక్కువగా పోయేది కాళ్ల కింద నలిగి కాదు, ఛాతీ మీద ఒత్తిడికి ఊపిరాడక. మన దేశంలో 2011 అక్టోబర్ 28న గురుగ్రామ్‌లో జరగవలసిన మెటాలికా కచేరీ ప్రేక్షకుల భద్రత కారణంగానే ఆగిపోయింది. వేల మంది ఎంతో ఆశతో వచ్చిన రోజున దాన్ని ఆపడం కష్టమైన నిర్ణయమే, అయినా సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

మొదటిసారి వెళ్లేవారికి నేను సూచించే చోటు, మైదానం మధ్యలో సౌండ్ మిక్సింగ్ చేసే గుడారానికి పక్కనే. శబ్దాన్ని సరిచేసేది అక్కడ కూర్చున్నవారే కనుక పాట అక్కడ చక్కగా వినిపిస్తుంది. గుడారం చుట్టూ ఉండే కంచె ఒకవైపు నుంచి జనం ఒత్తిడిని ఆపుతుంది. వాలుగా ఉన్న నేలనూ బురద నేలనూ వదిలేయండి.

6. మోష్ పిట్‌లోకి వెళ్లేవారు అక్కడి మర్యాద పాటించండి

పాట ఉద్ధృతంగా మారినప్పుడు జనం మధ్యలో మోష్ పిట్ అనే ఒక ఖాళీ వలయం ఏర్పడి, అందులో కొందరు ఒకరినొకరు భుజాలతో తోసుకుంటూ తిరుగుతారు. చూసేవారికి కొట్లాటలా ఉంటుంది గాని, అందులో కచ్చితమైన నియమాలున్నాయి: మోచేతులు, పిడికిళ్లు వాడకూడదు, ఎవరైనా పడితే చుట్టూ ఉన్నవారు ఆగి, వెంటనే లేపాలి, వద్దన్నవారిని లోపలికి లాగకూడదు. కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఈ కదలికలను పరిశీలించి, పిట్‌లోని మనుషులు వాయువులోని అణువుల మాదిరిగా దిక్కు లేకుండా ఢీకొంటారని తేల్చారు. అందువల్ల పిట్ అంచున స్టేజీ వైపే చూస్తూ నిలబడటం మంచిది కాదు, ఎవరు ఎటు నుంచి వచ్చి తగులుతారో తెలియదు. బృందంలో ఒకరు లోపలికి వెళ్తే, ఆ జంటలో రెండోవారు వేరే జంటతో కలిసి దూరంగా నిలబడాలి.

తల ఊపేటప్పుడు మెడను కాపాడుకోండి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం, తల ఊపడానికి అనువైన పాటల సగటు వేగం నిమిషానికి 146 దరువులని, ఆ వేగంలో తల 75 డిగ్రీలకు మించి ఊగితే తలనొప్పి, తల తిరుగుడు రావచ్చని లెక్కగట్టింది. తక్కువ దూరం ఊపడం, దరువు విడిచి దరువుకు ఊపడం ఆ పరిశోధకులు చెప్పిన మార్గాలు.

ఆడపిల్లలను జనంలో ఎవరైనా తాకితే దాన్ని కచేరీలో మామూలే అని కొట్టిపారేయకండి. బృందమంతా కలిసి దగ్గరి బారికేడ్‌కు వెళ్లి సెక్యూరిటీ వారికి చెప్పాలి. ఆ తర్వాత అక్కడే ఉండాలా, వెళ్లిపోవాలా అన్నది ఆ అమ్మాయి చెప్పినట్టే జరగాలి.

7. జనం ఒత్తుకుంటే ఇలా బయటపడండి

చేతులు రెండూ ఛాతీ ముందు మడిచి, ఊపిరి పీల్చుకునేంత జాగా ఉంచుకోండి. ఒక పాదం ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి నిలబడండి. అలకు ఎదురు తోయకండి. అది వచ్చినప్పుడు దానితో కదిలి, తగ్గిన క్షణంలో పక్కకు ఏటవాలుగా రెండడుగులు వేయండి. ఇలా అలకూ అలకూ మధ్య అంచుకు చేరవచ్చు. ఫోన్ పడిపోయినా వంగకండి. పడిపోతే లేవడానికి ప్రయత్నించండి, లేవలేకపోతే పక్కకు తిరిగి ముడుచుకుని చేతులతో తల కాపాడుకోండి. ముందు వరుసలో ఉన్నవారికి బారికేడ్ మీదుగా బయటికి రావడమే దగ్గరి దారి. చేతులు పైకెత్తి అడిగితే సిబ్బంది లాగుతారు.

8. తిరుగు ప్రయాణం, మరునాటి ఉదయం

మన దేశంలోని శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 గంటల తర్వాత ఆరుబయట లౌడ్ స్పీకర్లను సాధారణంగా అనుమతించవు. కనుక కచేరీ చాలావరకు ఆ లోపే ముగుస్తుంది, వేల మంది ఒకేసారి గేటు వైపు కదులుతారు. చివరి పాటకు ముందే బయటికి రండి, లేదా పావుగంట మైదానంలోనే కూర్చోండి. ఆ రెంటికీ మధ్య, జనంతోపాటే వెళ్లడమే కష్టం. క్యాబ్‌ను గేటు ముందు కాకుండా పది నిమిషాలు నడిచాక పిలవండి. కలుసుకునే చోట అందరినీ లెక్కపెట్టుకున్నాక, ఎవరి ఇంటికి వారు ఒక మాట చెప్పాలి.

ఆ రాత్రి చెవుల్లో హోరు వినిపించవచ్చు. మరునాడు రైల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా చెవులకు విశ్రాంతి ఇవ్వండి. రెండో రోజు కూడా హోరు తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యుణ్ణి కలవండి, ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే అంతవరకు కూడా ఆగకండి.

మా పిన్ని కూతురు ఆ తర్వాత మాతో మరో రెండు కచేరీలకు వచ్చింది. రెండుసార్లూ చోటు తనే ఎంచుకుంది, సౌండ్ గుడారానికి కుడివైపున. రెండోసారి మూడు పాటలు అయ్యాక నా భుజం మీద తట్టి, స్టేజీ వైపు మరో పది అడుగులు వేద్దామా అని అడిగింది.