కాలు సైజు 41 దాటితే అందమైన చెప్పులు ఎక్కడ వెతకాలి, ఎలా కొనాలి

మనకి నచ్చిన జత చూపించి "ఇందులో 42 ఉందా" అని అడగ్గానే షాపు కుర్రాడు లోపలికెళ్ళి 40 పట్టుకొచ్చి "ఇదే లాస్ట్ సైజ్ అక్కా, రెండ్రోజులు వేస్కుంటే సాగుద్ది" అంటాడు చూడండి, ఆ మాట మాత్రం అస్సలు నమ్మొద్దు. నిజమైన లెదర్ అయితే పక్కలకి కాస్త సాగుతుంది, ఫర్మా, అంటే కాలు ఆకారంలో ఉండే అచ్చు, ఎక్కించి ఒకట్రెండు రోజులు ఉంచితే ఇంకొంచెం వదులవుతుంది, అంతవరకు నిజమే. కానీ పొడవు సాగదు, కింద సోల్ ఉంది కదా అది ఎక్కడికి సాగుతుంది. రెగ్జిన్ అయితే పక్కలకి కూడా సాగదు, పగులుతుంది. కాబట్టి వెడల్పు కొంచెం టైట్‌గా ఉంటే ఆలోచించండి, మడమ బయటికి వస్తుంటేనో వేళ్ళు ముందు తగుల్తుంటేనో అక్కడే పెట్టేసి లేచి వచ్చేయండి, ఎంత ముద్దొచ్చినా సరే.

అసలు పెద్ద సైజులు ఎందుకుండవో తెలిస్తే ఎక్కడ వెతకాలో కూడా అర్థమవుతుంది. షాపు వాళ్ళు ఒక్కో జత కొనరు, సెట్ల లెక్కన తెచ్చుకుంటారు. లేడీస్ సెట్ అంటే మామూలుగా 36 నుంచి 41 దాకా, అందులోనూ మధ్య సైజులు రెండేసి జతలు, చివర్లవి ఒక్కోటి, కొన్ని సెట్లు 40తోనే ఆగిపోతాయి. ఆ ఒక్క 41 ఎవరో పట్టుకెళ్ళారంటే ఇక కొత్త స్టాక్ వచ్చేదాకా లేనట్టే. ఇక తయారుచేసే వాళ్ళ సంగతి, చెప్పు కుట్టేది కూడా ఆ ఫర్మా మీదే. సైజుకో ఫర్మా కావాలి, హీల్ ఎత్తు మారితే మళ్ళీ వేరే ఫర్మా కావాలి, సోల్ అచ్చులు సరేసరి. కొద్దిమంది కోసం అంత ఖర్చు ఎవరు పెడతారు? అందుకే పెద్ద సైజుల్లో ఫ్లాట్స్ ఏదోలా దొరుకుతాయి, మూసి ఉండే హీల్స్ దగ్గరే చుక్కలు కనిపిస్తాయి. (తిరుపతి జిల్లా తడ దగ్గర మాంబట్టులో అడిడాస్ బూట్లు తయారు చేసే పెద్ద ఫ్యాక్టరీ ఉంది, పక్కన తమిళనాడులో ఆంబూరు, వాణియంబాడి అంతా విదేశాలకి లెదర్ షూస్ పంపే ఊళ్ళే. పెద్ద సైజులు మన పక్కనే తయారవుతాయి, మన షాపుకి మాత్రం రావు. ఆంబూరు వైపు ఎప్పుడైనా వెళ్తే అక్కడ ఎక్స్‌పోర్ట్ మిగులు అమ్మే షాపుల్లో ఓసారి తొంగిచూడండి.)

సరే, ముందు కాలు కొలవండి. సాయంత్రం పూట కొలవాలి, పొద్దున్నుంచీ నిలబడి తిరిగాక కాలు కొంచెం ఉబ్బుతుంది. గోడకి మడమ ఆనించి, కింద తెల్లకాగితం వేసి దాని మీద బరువంతా వేసి నిలబడండి, కూర్చుని కొలిస్తే తక్కువ వస్తుంది. ఇంట్లో ఎవరినైనా పిలిచి పెన్సిల్ నిట్టనిలువుగా పట్టుకుని చుట్టూ గీయమనండి, మనమే వంగి గీసుకుంటే బరువు మారిపోయి గీత వంకర పోతుంది. రెండు కాళ్ళూ గీయాలి, చాలామందికి ఒకటి కాస్త పెద్దదుంటుంది, కొనేది ఆ పెద్ద కాలికే. బొటనవేలు కన్నా పక్క వేలు పొడుగున్నవాళ్ళు దాని చివరిదాకా కొలుచుకోండి. తర్వాత టేప్‌తో వేళ్ళ మొదలు దగ్గర, వెడల్పు ఎక్కువున్న చోట, చుట్టుకొలత కూడా తీసి రాసుకోండి. పిల్లలు పుట్టాక కాలు సైజు పెరిగి అలాగే ఉండిపోవడం మామూలే, కాబట్టి పెళ్ళప్పటి నంబర్ పట్టుకుని వేలాడొద్దు.

ఇప్పుడు నంబర్ల గోల. మన దగ్గర ఇండియా సైజ్ అని రాసేది ఎక్కువగా యూకే నంబరే. యూరప్ లెక్కలో ఒక్కో సైజుకి తేడా సుమారు 6.7 మిల్లీమీటర్లు, యూకే లెక్కలో సుమారు 8.5, అందుకే రెండూ ఎప్పుడూ సరిగ్గా కలవవు. సుమారు లెక్క కావాలంటే పాదం పొడవు సెంటీమీటర్లలో తీసుకుని ఒకటిన్నర కలిపి, వచ్చినదాన్ని ఒకటిన్నరతో గుణించండి. 26.5 సెంటీమీటర్ల కాలుంటే 28 ఇంటూ ఒకటిన్నర, 42. ఇదీ సుమారే, ఎందుకంటే కంపెనీ కంపెనీకీ చార్ట్ మారిపోతుంది. నైకీ లేడీస్ చార్ట్‌లో 27 సెంటీమీటర్లంటే యూకే 7.5, అదే 27 అడిడాస్ చార్ట్‌లో యూకే 8.5, అంటే ఒక సైజు మొత్తం తేడా! కాబట్టి స్నీకర్స్ కొనేటప్పుడు బాక్స్ మీద సెంటీమీటర్ల అంకె చూడండి, జేపీ అనో సీఎం అనో ఉంటుంది, మిగతా నంబర్లు తర్వాత.

ఈ గోలంతా ఎందుకంటే మన కాళ్ళకంటూ సొంత సైజు చార్ట్ ఇన్నాళ్ళూ లేదు. చెన్నైలో ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ వాళ్ళు 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా జనాల పాదాలు త్రీడీ స్కానర్‌తో కొలిచి, మనవాళ్ళ పాదాలు యూరప్, అమెరికా వాళ్ళ కన్నా వెడల్పని తేల్చి 'భ' అనే కొత్త సైజుల పద్ధతి ప్రతిపాదించారు. అది షాపుల్లోకి పూర్తిగా వచ్చేదాకా మన టేపే మనకి దిక్కు.

కొనడం విషయానికొస్తే, లేడీస్ సెక్షన్ ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. బిర్కెన్‌స్టాక్ లాంటి వాటిలో చాలా మోడల్స్ ఆడా మగా ఇద్దరికీ ఒకటే, నంబర్లు 45, 46 దాకా వెళ్తాయి, వెడల్పు కూడా రెండు రకాలు, పాదం గుర్తు లోపల ఖాళీగా ఉంటే మామూలు వెడల్పు, నింపి ఉంటే సన్నది. క్రాక్స్‌లో కూడా ఎం7 డబ్ల్యూ9 అని రెండు నంబర్లూ పక్కపక్కనే వేస్తారు, మనం చూడాల్సింది డబ్ల్యూ పక్కనున్నది. స్నీకర్స్‌లో అయితే తెల్లవి, క్రీమ్ కలర్‌వి మగవాళ్ళ ర్యాక్‌లోంచి తీసుకున్నా ఎవరూ కనిపెట్టలేరు. కాకపోతే మగవాళ్ళవి వెడల్పు ఎక్కువ, కాలు పొడుగ్గా సన్నగా ఉన్నవాళ్ళకి మడమ దగ్గర జారుతుంది, అప్పుడు పైన చివర ఉండే ఆ అదనపు బెజ్జంలోంచి కూడా లేసు తీసి బిగించి కట్టుకుంటే ఆగుతుంది.

పెళ్ళిళ్ళకి వేసుకోడానికి నాకు తెలిసిన మంచి చిట్కా ఒకటుంది. షేర్వాణీ మీదకి మగవాళ్ళు వేసుకునే మోజ్‌డీలు ఉంటాయి కదా, జరీ పని, పూసలు, మెరూన్, గోల్డ్, ఐవరీ, అవి లేడీస్ జుత్తీల కన్నా ఏం తక్కువ కాదు, పైగా 9, 10 సైజులు మామూలుగా దొరుకుతాయి. హైదరాబాద్‌లో ఉంటే చార్మినార్, పత్తర్‌గట్టి వైపు షేర్వాణీల షాపుల్లో అడగండి. ముందు భాగం మరీ పైకి మెలితిరిగి ఉన్నవి వదిలేసి కోసుగా, తిన్నగా ఉన్నవి తీసుకోండి, పట్టుచీర కిందో లెహంగా కిందో చక్కగా ఒదిగిపోతాయి. సంప్రదాయ పద్ధతిలో కుట్టినవాటికి కుడి ఎడమ తేడా ఉండదు, వేసుకోగా వేసుకోగా కాలికి తగ్గట్టు అవుతాయి, కాబట్టి మొదట్లో పక్కల కొంచెం బిగుతున్నా పర్లేదు. కొల్హాపురీలు కూడా అంతే, మగవాళ్ళ డిజైన్లలోనే సన్న జడ అల్లిక ఉన్నవి చూడండి. వాటిలో చూడాల్సింది బొటనవేలి రింగు ఎక్కడుందన్నది, అది సరైన చోట లేకపోతే సైజు ఎంత కరెక్టయినా నడవలేరు.

ఇంకోటి, సేల్ టైమ్‌లో మనకి లాభం. సీజన్ అయిపోయి డిస్కౌంట్ పెట్టేసరికి 37, 38, 39 ఎప్పుడో అమ్ముడుపోయి ఉంటాయి, మిగిలేవి ఆ చివరి సైజులే. అందరూ అయ్యో సైజు లేదే అనుకుంటూ పోతుంటే మనం సగం ధరకి 41 ఎత్తుకురావచ్చు. ఆన్‌లైన్‌లో అయితే ముందు సైజ్ ఫిల్టర్ పెట్టి ఆ తర్వాతే బొమ్మలు చూడండి, లేదంటే నచ్చినదల్లా నొక్కి సైజు లేదని తెలుసుకోవడంతోనే రాత్రయిపోతుంది. యూకే 8, యూకే 9, 41, 42 అన్నీ టిక్ చేయండి, అమ్మేవాళ్ళు తలో రకంగా రాస్తారు. అమెరికాలో అక్కో వదినో ఉంటే ఇంకా సులువు, అక్కడ లేడీస్ 10, 11 షాపుల్లో మామూలే, జాపోస్ లాంటి సైట్లలో వెడల్పు కూడా పెట్టి వెతకొచ్చు, బి అంటే మామూలు, డి అంటే వెడల్పు. కాకపోతే తిరిగి పంపడం కుదరదు కాబట్టి వాళ్ళకి నంబర్ కాదు, సెంటీమీటర్లు చెప్పండి.

ఏదీ కుదరకపోతే కుట్టించుకోవడమే. ఆర్డర్ మీద చెప్పులు చేసే మేస్త్రీ దగ్గరికి వెళ్తే ఆ గీసిన కాగితం ఇచ్చేసి ఊరుకోకండి, "ఏ ఫర్మా మీద చేస్తున్నావ్ భయ్యా" అని అడగండి. పెద్ద సైజుల్లో చాలాచోట్ల ఉండేది గెంట్స్ ఫర్మానే, దాని మీద లేడీస్ డిజైన్ వేస్తే ముందు భాగం గుండ్రంగా వెడల్పుగా వచ్చి మోటుగా కనిపిస్తుంది. అదే స్ట్రాప్‌లు మాత్రమే ఉండే ఫ్లాట్స్ అయితే ఏ ఫర్మా అయినా పెద్ద తేడా తెలీదు, కాబట్టి మొదటి ఆర్డర్ అలాంటిదే ఇచ్చి పనితనం చూడండి. హీల్స్ కావాలంటే ఆ ఎత్తుకి సరిపడా లేడీస్ ఫర్మా ఉందంటేనే అడ్వాన్స్ ఇవ్వండి. సోల్ అంటించకముందే ఒకసారి కాలు పెట్టి చూస్తానని ముందే ఒప్పించుకోండి, అంటించాక ఏం చెప్పినా "సెట్ అయిపోద్ది మేడమ్" అనే అంటారు.

ఇక కనిపించే తీరు. పొడుగు పాదానికి మరీ కోసు ముక్కు షూ వేస్తే ఇంకా పొడుగ్గా కనిపిస్తుంది, బాదంకాయ ఆకారంలో ముందు కాస్త గుండ్రంగా ఉన్నవి నయం. పాదం మీద అడ్డంగా ఒకట్రెండు స్ట్రాప్‌లున్నవి, ముందు ఏదో బకుల్ లాంటిది ఉన్నవి పొడవుని తుంచినట్టు చూపిస్తాయి. మెట్టెలు పెట్టుకునేవాళ్ళు మెట్టెలతోనే ట్రై చేయండి, మూసిన షూలో ఆ వేలు దగ్గర ఒరుసుకుని పుండవుతుంది, లోపల కాస్త ఎత్తున్న మోడల్ చూస్కోండి. ఇవన్నీ నా అభిప్రాయాలు లెండి, పొడుగు కాలికి కోసు ముక్కు ఎర్ర హీల్స్ వేసుకుని తిరిగేవాళ్ళని చూస్తే నాకు మహా ముచ్చటేస్తుంది.

ఇంటికి తెచ్చాక టైల్స్ మీద కాకుండా దుప్పటో చాపో పరిచి దాని మీద ఓ పదిహేను నిమిషాలు నడవండి, సోల్ మాయకపోతే మార్చుకోడానికి పేచీ ఉండదు. బాగా కుదిరితే మాత్రం బాక్స్ పారేసే ముందు దాని మీదున్న ఆర్టికల్ నంబర్ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. షాపులో "అలాంటివే కావాలి" అంటే ఇంకేదో చూపిస్తారు, ఆర్టికల్ నంబర్ చెప్పి "ఇదే ఫర్మాలో వేరే కలర్ వచ్చాక ఫోన్ చెయ్యి తమ్ముడూ" అని మన నంబర్ ఇచ్చొస్తే, దసరా స్టాక్ దిగినప్పుడు ఆ ఒక్క 41 మనకోసం పక్కన పెట్టే అవకాశం ఉంటుంది.