క్యానిస్టర్ ఫిల్టర్‌లో గ్యాస్ గురగుర: నేను చేసిన మార్పు

ఎంవీపీ కాలనీలో మా హాల్లో నీటి మొక్కలు, చేపలు ఉన్న ఓ అక్వేరియం ట్యాంకు ఉంది; మొక్కల కోసం అందులోకి కార్బన్ డయాక్సైడ్ వదులుతాను. డిఫ్యూజర్ (గ్యాస్‌ని సన్న బుడగలుగా చేసేది) వదిలే బుడగలు కరగకుండానే పైకి తేలిపోతుంటే, గ్యాస్ ట్యూబు కొసని క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే మూత డబ్బా ఫిల్టర్) నీళ్లు పీల్చే జాలీలో దూర్చాను. లోపలి ఇంపెల్లర్ (తిరిగే రెక్కల చక్రం) బుడగల్ని చితక్కొట్టి కరిగిస్తుంది; చాలామంది చేసే పనే. మొక్కలకి బాగానే ఉంది, గోలంతా ఫిల్టర్‌ది. కరగని గ్యాస్ మూత కింద చేరి గురగురమనేది, ధార సన్నబడేది, ఉండుండి త్రేన్చినట్టు బుడగలు కక్కేది. మన వైజాగ్ ఎండాకాలంలో మరీను: నీళ్లు వెచ్చబడే కొద్దీ గ్యాస్ కరగడం తగ్గుతుంది కదా.

అందుకే గ్యాస్‌ని ఫిల్టర్ దాటాక కలిపాను. ఆర్వో ప్యూరిఫైయర్‌కి పెట్టే 10 అంగుళాల హౌసింగ్ (ఫిల్టర్ డబ్బా) ఒకటి తెచ్చి, ఫిల్టర్ నుంచి ట్యాంకుకి వెళ్లే పైపు మధ్యలో బిగించాను. దానికి ముందు టీ జాయింటు దగ్గర గ్యాస్ కలుస్తుంది. అసలు కిటుకు లోపల: నీళ్లు బయటికి పోయే మధ్య రంధ్రానికి దాదాపు అడుగుదాకా దిగే పైపు ముక్క పెట్టాలి. అప్పుడు నీళ్లు పైనుంచి వచ్చి అడుగునుంచి పోతాయి, గ్యాస్ కరిగేదాకా పైనే చిక్కుకుంటుంది. గురగుర పోయింది. ధార కాస్త తగ్గింది, ఫర్వాలేదు.

డ్రాప్ చెకర్‌లో (నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో రంగుతో చూపే చిన్న బుడ్డి) 4 డీకేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం కొలత) ద్రావణం ఆకుపచ్చగా ఉంటే గ్యాస్ సుమారు 30 పీపీఎం (లీటరుకి 30 మిల్లీగ్రాములు) ఉన్నట్టు. పసుపుకి తిరిగితే గ్యాస్ తగ్గించండి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేదాకా ఆగొద్దు. సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో గ్యాస్‌ని తెరిచి మూసేది), ఫిల్టర్ ఒకే కరెంటు లైన్లో ఉండాలి. వాల్వు ఇన్వర్టర్ మీద, ఫిల్టర్ మామూలు లైను మీద ఉంటే, కరెంటు పోయినప్పుడు నీళ్లు ఆగినా గ్యాస్ వస్తూనే ఉంటుంది.