గడ్డకట్టిన సరస్సులో ప్లాంక్టన్ శాంపిల్‌కి వెళ్తున్నారా, ముందు ఇవి చూసుకోండి

ఫిబ్రవరిలో బెంగళూరు నుంచి లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు వైపు ప్లాంక్టన్ (నీళ్లలో తేలియాడే చిన్న చిన్న జీవులు) శాంపిలింగ్‌కి వెళ్లే జూనియర్స్ కోసం ఇది. ఇక్కడి జక్కూరు చెరువులో వల వేసిన చెయ్యే కదా, అక్కడైతే ఏంటి అనుకుంటే బోల్తా పడతారు, నేను పడ్డా.

లేహ్ 3,500 మీటర్లు, పాంగాంగ్ 4,200 పైనే. ఫ్లైట్ దిగిన రోజే కారెక్కేద్దాం అనే హీరో ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు, వాడి మాట వినకండి, రెండ్రోజులు లేహ్‌లో ఊరికే పడుకోండి. పర్మిట్లు ఇక్కడ ఉండగానే తెమల్చుకోండి. శాంపిల్ నిల్వకి వాడే ఇథనాల్, ఫార్మలిన్ ఫ్లైట్ బ్యాగులో పెట్టొద్దు, అక్కడే ఏర్పాటు చేసుకోవాలి.

ఇక ఐస్. గాజులా క్లియర్‌గా ఉన్న ఐస్ కనీసం 10 సెంటీమీటర్లుంటే మనిషి నడవచ్చంటారు, తెల్లగా ఉన్నదానికి బలం సగమే. పైగా పాంగాంగ్ నీళ్లు ఉప్పన, ఉప్పు ఐస్ ఇంకా మెత్తన, కాబట్టి ఆ లెక్కని గుడ్డిగా నమ్మకుండా నాలుగడుగులకోసారి డ్రిల్ చేసి కొలవండి, వాగు కలిసే చోటికి అసలు పోవద్దు, లోకల్ మనిషి వద్దంటే వద్దంతే. మెడలో ఐస్ పిక్స్ (పడితే ఐస్‌లో గుచ్చి పట్టుకునే మేకుల పిడులు), నడుముకి తాడు ఉండాలి. పడితే మొదటి నిమిషం ఊపిరి అందదు, కంగారు పడకుండా దాన్ని అదుపు చేసుకోండి, చేతులు కాళ్లు పనిచేసేది ఇంకో పది నిమిషాలే, వచ్చిన వైపుకే తిరిగి కాళ్లు కొట్టుకుంటూ పైకి పాకి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ రండి.

బయల్దేరే ముందు వల మూతి కొలవండి. మాది 30 సెంటీమీటర్లు, ఆగర్ (ఐస్‌కి చిల్లు పెట్టే డ్రిల్) వేసే హోల్ 20, అంత దూరం వెళ్లి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం! హోల్ వేశాక తేలే ఐస్ పొడి గరిటెతో తీసేసి కాసేపు ఆగండి, లేకపోతే ఐస్‌కి అంటుకున్న ఆల్గే మీ శాంపిల్‌లో కలుస్తుంది. తడి వల గాలి తగలగానే అప్పడంలా బిగుసుకుపోతుంది, అప్పుడు మడిచారో మెష్ పటుక్కున చిరుగుతుంది, బకెట్ నీళ్లలోనే ముంచి ఉంచండి. ఇక్కడ ఐస్‌బాక్స్ శాంపిల్ చల్లగా ఉండటానికి, అక్కడ అదే డబ్బా గడ్డకట్టకుండా ఉండటానికి, గడ్డకడితే కణాలు పగిలిపోయి మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టడానికి ఏం మిగలదు. లుగోల్ (శాంపిల్ పాడవకుండా కలిపే అయోడిన్ ద్రావణం) శాంపిల్‌కి లేత టీ రంగు వచ్చేదాకా చాలు, మన ఫిల్టర్ కాఫీ డికాషన్ అంత చిక్కగా అక్కర్లేదు.

అసలు జాగ్రత్త మాత్రం రిజల్ట్ దగ్గర. చలికాలంలో కౌంట్ తక్కువొచ్చిందని సరస్సు జబ్బుపడిందని రాసేయకండి. ఐస్ మీద మంచు పేరుకుంటే వెలుగు లోపలికి దిగదు, ఫైటోప్లాంక్టన్ (మొక్కల్లా వెలుగుతో బతికే ప్లాంక్టన్) తగ్గుతుంది, డాఫ్నియాలు (నీటి ఈగలు) చాలావరకు గుడ్ల రూపంలో అడుగు బురదలో ఉంటాయి, నీళ్లలో తిరిగేవి ఎక్కువగా కోపిపాడ్సే (రొయ్యల జాతి చిన్న జీవులు). అదే ఐస్ క్లియర్‌గా ఉంటే దాని కిందే డయాటమ్స్ (ఒక రకం ఆల్గే) విరగబడి పెరగొచ్చు, రష్యాలోని బైకాల్ సరస్సులో అలాగే అవుతుంది. కాబట్టి ప్రతి హోల్ దగ్గర మంచు లోతు, ఐస్ మందం, ఆక్సిజన్ రాసుకోండి, ఇండెక్స్ స్కోర్ (సరస్సు ఆరోగ్యానికిచ్చే మార్కు) వేసేటప్పుడు అదే సీజన్‌లో తీసిన శుభ్రమైన సరస్సుతో పోల్చండి, ఎండాకాలం డేటాతో కాదు, మన బెంగళూరు బెళ్లందూరు చెరువుతో అసలే కాదు.

లేబుల్స్ పెన్సిల్‌తో రాసి బాటిల్ లోపల వేయండి. మార్కర్ ఇంకు ఇథనాల్ తగిలితే పోతుంది, నా నాలుగు బాటిల్స్ ఏ హోల్‌వో ఇప్పటికీ తెలీదు.