అక్వేరియం చేపకి తెల్ల మచ్చొచ్చిందా? నీలం మందు పక్కన పెట్టి ముందు నీళ్ళు చూడండి

ఎండలు ముదిరితే చాలు, నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ట్యాంకు పెట్టుకున్న ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే: చేప మీద తెల్లగా ఏదో వచ్చింది, ఏ మందు వెయ్యాలి? షాపులో ఇచ్చే నీలం మందు (మిథిలిన్ బ్లూ) సంగతి తర్వాత, చేపల వ్యర్థాల నుంచి నీళ్ళల్లో చేరే అమ్మోనియా ఎంతుందో చూశారా? నీళ్ళు పరీక్షించే కిట్ కోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు, రొయ్యల చెరువులకి మందులమ్మే ఆక్వా షాపులో అడగండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. బకెట్టుకి తెల్లచార కట్టే బోరు నీళ్ళు పోసేవాళ్ళు పీహెచ్ కూడా చూసుకోండి. ఎందుకంటే పీహెచ్ 7 నుంచి 8కి పోతే అదే అమ్మోనియాలో విషంగా మారే భాగం దాదాపు 10 రెట్లవుతుంది. ఇక్కడ చెప్పబోయే జబ్బులు తెచ్చే బ్యాక్టీరియా చాలావరకు ఎప్పుడూ నీళ్ళల్లో ఉండేదే, చేప నీరసపడ్డప్పుడు మీదెక్కుతుంది.

ఒంటినిండా బొంబాయి రవ్వ చల్లినట్టు చుక్కలుంటే అది ఇక్, పరాన్నజీవి. దాని వైద్యం వేరు, ఇక్కడ చెప్పే యాంటీబయాటిక్‌లు దానికి పనికిరావు.

తోక, రెక్కలు చిరుగుతున్నాయి

తోటి చేప కొరికితే ఒకచోట తునక తెగినట్టుంటుంది. అలాకాకుండా అంచులు తెల్లబడి, కొన్నిసార్లు ఎర్రజీరలతో, రోజురోజుకీ లోపలికి తినేస్తుంటే ఫిన్ రాట్. ఏరోమోనాస్, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా పని. మొదట్లో పట్టుకుంటే యాంటీబయాటిక్ లేకుండానే తగ్గిపోతుంది. వారం పాటు రోజూ పావు వంతు నీళ్ళు మార్చండి, గులకరాళ్ళ అడుగున ఉన్న మురికి లాగేయండి, లీటరుకి 1 గ్రాము లెక్కన కల్లుప్పు మగ్గులో కరిగించి రెండు మూడు విడతలుగా పొయ్యండి. నీళ్ళు మార్చినప్పుడు, తీసిన నీళ్ళకి ఎంత ఉప్పు పోయిందో అంతే కలపాలి, మొత్తం ట్యాంకుకి మళ్ళీ కాదు. కోరిడోరస్ లాంటి క్యాట్‌ఫిష్, కొన్ని మొక్కలు ఉప్పుకి తట్టుకోలేవు కాబట్టి జబ్బు చేపనే వేరే టబ్బులోకి మార్చడం మేలు. చిరిగిన అంచున అద్దంలా పారదర్శకంగా సన్నటి కొత్త పొర కనిపిస్తే మానుతోందన్నమాట.

నోటి చుట్టూ దూది, వీపు మీద జీను వేసినట్టు మచ్చ

ఇక్కడే అందరం బోల్తా పడతాం. ఓ మే నెలలో మా మాలీ చేపలకి నోటి దగ్గర తెల్లగా వస్తే షాపాయన ఫోటో చూసి, "ఫంగస్ అన్నా, నాలుగు చుక్కలు నీలం మందు వెయ్, సరిపోద్ది" అన్నాడు. వేశాను. వేడికి జబ్బు పోతుందని ఎక్కడో విన్నది గుర్తొచ్చి, నా తెలివికొద్దీ హీటరు కూడా 30కి పెట్టాను. మర్నాడు పొద్దున్నే రెండు తేలాయి, సాయంత్రానికి మూడోది.

అది ఫంగస్ కాదు, కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. ఫంగస్ అయితే పోగులు పోగులుగా లేచి నీటిలో ఊగుతుంది. ఇది ఒంటికి అతుక్కుని, బూడిద రంగులోనో లేత పసుపులోనో పలుచగా ఉంటుంది, అంచు ఒక్కోసారి ఎర్రగా ఉంటుంది. టార్చి పక్కనుంచి వేసి చూడండి, తేడా తెలుస్తుంది. వెచ్చటి నీళ్ళల్లో ఇది ఇంకా వేగంగా పెరుగుతుంది, అంటే హీటరు పెట్టి నేనే దానికి ఊపిరి పోశాను.

కాబట్టి హీటరు ఆపండి. మూత తీసి నీటి మీదికి ఫ్యాను తిప్పండి, లేదా గడ్డకట్టిన నీళ్ళ సీసా తేలనివ్వండి, కానీ రోజుకి ఒకటి రెండు డిగ్రీలకి మించి దించొద్దు. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, అందుకని ఎయిర్ పంపు ఆగకూడదు. కరెంటు పోతుందేమోనన్న టెన్షన్ ఉంటే బ్యాటరీ పంపు ఒకటి పెట్టుకోండి.

దీనికి తరచుగా యాంటీబయాటిక్ కావాల్సి వస్తుంది. అయితే చాలామంది నీళ్ళల్లో కలిపే ఆక్సీటెట్రాసైక్లిన్ మన హార్డ్ వాటర్‌లోని కాల్షియం, మెగ్నీషియంతో కట్టుబడిపోతుంది, నీళ్ళు పసుపు రంగుకి మారతాయి తప్ప చేపకి అందేది తక్కువ. చేప ఇంకా మేత తింటుంటే మేతలో ఇవ్వడమే నయం. ఏ మందు, ఎంత మోతాదు అన్నది చేపల జబ్బులు తెలిసిన డాక్టరు చెప్పాలి. నెల్లూరు దగ్గర ముత్తుకూరులోనే ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది, అడగడానికి మొహమాటం దేనికి. చెరువు షెడ్డులో మిగిలిన డబ్బా మాత్రం తేవొద్దు. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని కంటైనర్లు వెనక్కొచ్చిన కథ మనవాళ్ళకి తెలియనిదా? క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు ఆక్వా సాగులో నిషేధం.

మందు వేసేది వేరే టబ్బులో. ఫిల్టర్లోంచి కార్బన్ (బొగ్గు) తీసెయ్యండి, లేకపోతే మందంతా అదే పీల్చేస్తుంది. మందు ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాని కూడా చంపుతుంది కాబట్టి రోజూ అమ్మోనియా చూడాలి. చేప తేరుకుంది కదా అని రెండో రోజే ఆపొద్దు.

పొట్ట ఉబ్బి పొలుసులు లేచాయి

పైనుంచి చూస్తే సీతాఫలం తొక్కలా కనిపిస్తుంది. మూత్రపిండాలు పనిచెయ్యక ఒంట్లో నీరు చేరింది. మెడికల్ షాపులో ఎప్సమ్ సాల్ట్ తెచ్చి 20 లీటర్లకి చిన్న చెంచాడు కలపండి, ఇక్కడ మామూలు ఉప్పు వద్దు. నిజం చెప్పాలంటే ఈ దశకొచ్చాక చాలావరకు బతకవు. కన్ను ఉబ్బినా ఎప్సమే: ఒక కన్నయితే దెబ్బ కావచ్చు, రెండూ అయితే నీళ్ళనో ఇన్‌ఫెక్షన్‌నో అనుమానించాలి.

తింటూనే చిక్కిపోతోంది, వెన్ను వంకర తిరిగింది

చేపల టీబీ అయ్యుండొచ్చు. దీనికి నమ్మకమైన వైద్యం లేదు. మైకోబ్యాక్టీరియం మరీనమ్ అనే ఈ క్రిమి చేతి మీది గాయం ద్వారా మనకీ ఎక్కుతుంది. గ్లోవ్స్ లేకుండా చెయ్యి పెట్టొద్దు, పైపుతో నీళ్ళు లాగేటప్పుడు నోరు పెట్టొద్దు. చేతి మీద పుండో గడ్డో వారాల తరబడి మానకపోతే డాక్టరుకి అక్వేరియం ఉందని కూడా చెప్పండి, చెప్పకపోతే ఆయనకి ఆ అనుమానం రాదు.

కొత్త చేపలు

మద్రాసు కొళత్తూరు నుంచి కవర్లో తెచ్చుకున్నా, మన ఊరి షాపులో కొన్నా, మూడు నాలుగు వారాలు వేరే టబ్బులో ఉంచాకే పెద్ద ట్యాంకులోకి. ఆ కవరు నీళ్ళు ట్యాంకులో పొయ్యొద్దు. టబ్బుకి వల వేరు, ట్యాంకుకి వల వేరు. వాడిన వల మిద్దె మీద పూర్తిగా ఎండాకే మళ్ళీ ముట్టుకోండి.