పప్పు చిక్కగా, అన్నం కొలతగా: శాకాహారంతోనే బరువు తగ్గాలంటే

"మేం ముక్క ముట్టం, గుడ్డు కూడా తినం, అయినా ఒళ్లు ఎందుకొస్తోంది" అని అడిగేవాళ్లు హైదరాబాద్‌లో ఇంటికొకరు ఉంటారు. మధ్యాహ్నం మీ కంచంలో ఏది ఎంత ఉందో ఒక్కసారి పరీక్షగా చూడండి. ముప్పావు కంచం అన్నం, దాని మీద నీళ్లలాంటి పప్పుచారు, పక్కన రెండు చెంచాల వేపుడు, ఆవకాయ, ఆఖర్లో మళ్లీ పెరుగన్నం. మాంసం లేదు కాబట్టి తేలిక భోజనం అనుకుంటాం కానీ అందులో ఉన్నదంతా దాదాపు బియ్యం, నూనె. పప్పు పేరుకే ఉంది, కూర నంజుకోవడానికే ఉంది. బరువు తగ్గాలంటే ఈ లెక్క తిరగబడాలి, అంటే కూర, పప్పు ఎక్కువ తిని అన్నం వాటికి తోడుగా తినాలి. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి వాళ్లు చెప్పిన కొలతలు ఇవి: బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుదినుసులు 85, ఆకుకూరలతో సహా కూరగాయలు 400, పాలు పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు, పల్లీలు నువ్వులు బాదం లాంటివి 35, నూనె నెయ్యి కలిపి 27. ఇవన్నీ వండకముందు బరువులు. ఇప్పుడు మీ ఇంటి లెక్క చూసుకోండి. నలుగురున్న ఇంట్లో రోజుకు చిన్న గ్లాసుడు కందిపప్పు, అంటే సుమారు 100 గ్రాములు, పోసి పప్పు చేస్తే మనిషికి వచ్చేది 25 గ్రాములే. కూరగాయలు రోజంతటికీ అరకిలో తరిగితే గొప్ప, కావలసింది మాత్రం కిలోన్నర పైనే.

ముందు పప్పు సంగతి చూద్దాం, ఎందుకంటే శాకాహారులు చతికిలబడేది ఇక్కడే. మనిషి బరువులో ప్రతి కిలోకి రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని మన దేశపు లెక్క, అంటే 65 కిలోల మనిషికి 54 గ్రాములు. పొద్దున మూడు ఇడ్లీలు, రెండు పూటలా అన్నం, పలచటి పప్పు, ఒక గిన్నె పెరుగు, ఇంతే తింటే 35 దాటడం కష్టం. ప్రొటీన్ తక్కువైతే తిన్న రెండు గంటలకే మళ్లీ ఆకలి, ఆ ఆకలికి బిస్కెట్లు, మిక్చర్. పైగా బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, ఆ కండ నిలబడాలన్నా ప్రొటీన్ పడాలి. అందుకే ఇంట్లో పప్పు కొలత రెట్టింపు చేయండి, ఆకుకూర కూడా రెట్టింపు వేయండి. తోటకూర, పాలకూర, చుక్కకూర, గంగవాయిలి కూర, ఏది దొరికితే అది. చెంచాతో తీస్తే నిలబడేంత చిక్కగా ఉండాలి. అలాంటి పప్పు పెద్ద గిన్నెడు పెట్టుకుంటే అన్నం దానంతట అదే తక్కువ పడుతుంది.

రోజూ కందిపప్పే అయితే విసుగొస్తుంది, అందుకే మన గుడాలను, అంటే ఉడికించి పోపు పెట్టిన గింజలను, మళ్లీ ఇంట్లోకి తెచ్చుకోవాలి. బొబ్బెర్లు, శనగలు, పెసర్లు, ఏవైనా మనిషికి గుప్పెడు, అంటే 40 గ్రాములు, రాత్రి నానబోయండి. పొద్దున కుక్కర్‌లో మెత్తబడీ మెత్తబడనట్టు ఉడికించి, నీళ్లు వంచేసి, ఒక్క టీస్పూన్ నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, పైన పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం. ఉడికించిన నీళ్లు పారబోయకండి, చారులో కలిపేయండి. ఈ గుప్పెడు గింజల్లో సుమారు 9 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పీచు సరేసరి. డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకి పట్టుకెళ్లి సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య తినండి. సరిగ్గా ఆ టైమ్‌కే సమోసా, మిర్చి బజ్జీ వాసన వస్తుంది. అప్పుడు కడుపు ఖాళీగా ఉంటే ఎంత పట్టుదల ఉన్న మనిషైనా ఆగలేడు.

మీల్ మేకర్ కూడా వాడండి. 30 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 15 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కొవ్వు దాదాపు లేదు. వేడినీళ్లలో ఉడికించి, రెండుసార్లు గట్టిగా పిండి, ఆ తర్వాత టమాటా కూరలో వేస్తే పసరు వాసన పోతుంది. పనీర్ విషయంలో కొంచెం జాగ్రత్త. 100 గ్రాముల్లో 18 గ్రాముల ప్రొటీన్ ఉన్న మాట నిజమే కానీ కొవ్వు అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇంట్లో కొంచెంగా వేసుకుంటే మంచిదే, హోటల్లో పనీర్ బటర్ మసాలా తెప్పించుకుని ప్రొటీన్ కోసం తిన్నాం అనుకోవద్దు.

ఇక అన్నం. మానేయక్కర్లేదు, మానేస్తే నాలుగు రోజులు ఉంటారు, ఐదో రోజు రెండింతలు తింటారు. బియ్యాన్ని మాత్రం కుక్కర్‌లో పోసేముందే కొలవండి, వండాక కంచంలో తగ్గించుకోవడం ఎవరి వల్లా కాదు. చిన్న కిచెన్ త్రాసు ఒకటి కొనుక్కుంటే మంచిది, లేదంటే ఒకే గ్లాసు ఎప్పుడూ దానికే ఉంచుకోండి. మధ్యాహ్నానికి మనిషికి 60 గ్రాముల బియ్యం, అంటే సుమారు 210 కేలరీలు. వండితే ఒకటిన్నర చిన్న గిన్నెలు వస్తుంది. అందులో మూడొంతులు పప్పుతో, కూరతో తినండి, ఒక వంతు పెరుగుకి ఉంచుకోండి, లేదా పెరుగు అన్నం లేకుండా ఉత్తదే తినండి. రాత్రికి రెండు జొన్న రొట్టెలు, లేదా నూనె వేయని పుల్కాలు రెండు. తినే వరుస కూడా మార్చి చూడండి, కూర, కీర దోస ముక్కలు సగం తిన్నాకే అన్నం వడ్డించుకోండి. ఈ ఒక్క అలవాటుతోనే చాలామందికి రెండోసారి అన్నం వేసుకోవాలనిపించదు.

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక సిటీలో ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్లినా కొర్రలు, సామలు, అండుకొర్రలు వరసగా కనిపిస్తున్నాయి. మంచివే, తినండి. కాకపోతే 100 గ్రాముల కొర్రల్లో ఉన్న కేలరీలు 100 గ్రాముల బియ్యంలో ఉన్నవాటికి ఇంచుమించు దగ్గరే. పీచు ఎక్కువ కాబట్టి కొంచెంతోనే కడుపు నిండుతుంది, లాభం అదే. కొర్రలు కదా అని కొలవకుండా కంచం నింపుకుంటే బరువు కదలదు. మిల్లెట్ బిస్కెట్లు, మిల్లెట్ లడ్డూలు వేరే సంగతి, ప్యాకెట్ వెనక్కి తిప్పి చక్కెర, నూనె ఎంతో చదివి అప్పుడు నిర్ణయించుకోండి.

నూనె ఎంత పడుతోందో గరిటె చూసి తెలుసుకోలేరు, నెల లెక్క చూడాలి. మనిషికి రోజుకు 27 గ్రాములంటే నలుగురికి నెలకి సుమారు మూడున్నర లీటర్లు, అదీ నెయ్యి, వెన్న అన్నీ కలిపి. మీ ఇంట్లో నెలకి ఐదారు ప్యాకెట్లు అయిపోతుంటే మీ బరువు ఎక్కణ్నుంచి వస్తోందో తెలిసినట్టే, ఎందుకంటే ఒక్క టీస్పూన్ నూనె 45 కేలరీలు. ఒకటో తారీకున ప్యాకెట్లు విడిగా తీసి పెట్టి, నెలాఖరుకి అవి సరిపోయేలా వండటం మొదలుపెట్టండి. వేపుళ్లు వారానికి ఒకటి చాలు. బీరకాయ, సొరకాయ, దోసకాయ, చిక్కుడు, గోరుచిక్కుడు ఇవన్నీ పోపు పెట్టి, నాలుగు నీళ్లు చిలకరించి, మూత పెట్టి సన్నమంట మీద మగ్గిస్తే రెండు టీస్పూన్లతో నలుగురికి కూర అయిపోతుంది. బెండకాయ జిగురు పోవాలంటే తరగకముందు తుడిచి ఆరబెట్టి, తరిగాక ముందు ఉత్త పెనం మీద వేపి, ఆ తర్వాతే నూనె వేయండి. నెయ్యి అంటే భయపడేవాళ్లకి ఒక మాట, వేడన్నంలో ఒక టీస్పూన్ నెయ్యి వల్ల ఎవరూ లావు కారు, అది కూడా 27లో లెక్కేసుకుంటే చాలు. బగారా బైంగన్, గుత్తివంకాయ లాంటివి పల్లీలు, నువ్వులు, కొబ్బరి, నూనె అన్నీ కలిసినవి కాబట్టి పండగకి ఉంచుకోండి.

టిఫిన్ల దగ్గర ఈ ఊరు మనల్ని బాగా ఇబ్బంది పెడుతుంది. ప్రతి సందు మొదట్లో ఒక బండి, దాని మీద బటర్ దోసె, ఉప్మా దోసె, మైసూర్ బజ్జీ, పూరీ. బయట తినక తప్పదనుకుంటే ప్లేటు ఇడ్లీ తీసుకుని సాంబార్ ఎక్కువ పోయించుకోండి, పల్లీ చట్నీ ఒక్క గరిటె చాలు. ఇంట్లో అయితే పెసరట్టుని మించింది నాకు కనబడలేదు. 50 గ్రాముల పొట్టు పెసలు రాత్రి నానబోసి, పొద్దున అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బుకుంటే సరిపోతుంది, పులియాల్సిన పని లేదు, బియ్యం కలపాల్సిన పని అంతకంటే లేదు. పెనం బాగా కాలాక పలచగా పరిచి, పైన ఉల్లిపాయ చల్లి, అంచుల వెంట అర టీస్పూన్ నూనె. రెండు అట్లు తింటే 12 గ్రాముల ప్రొటీన్, మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆకలి గుర్తుకు రాదు. లోపల ఉప్మా పెట్టకండి. చట్నీ పల్లీలకు బదులు పుట్నాలతో చేస్తే కొవ్వు బాగా తగ్గుతుంది.

టీ మానమని హైదరాబాదీలకి చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఇంట్లో చక్కెర చెంచా చొప్పున తగ్గిస్తూ రండి, రెండు వారాల్లో నాలుక సర్దుకుంటుంది. కప్పుకి రెండు చెంచాల చక్కెర, రోజుకి మూడు కప్పులు అంటే 120 కేలరీలు చక్కెరవే. ఇరానీ చాయ్ చాలా చోట్ల చక్కెర కలిపే వస్తుంది కాబట్టి అది వారానికి ఒకటి రెండుసార్లకి ఉంచుకోండి, ఉస్మానియా బిస్కెట్ ఒక్కటితో ఆపండి. పాలు గేదెవైతే టోన్డ్ పాలకి మారండి, పెరుగు కూడా వాటితోనే తోడు పెట్టండి. భోజనం అవ్వగానే టీ తాగకండి, ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఆ ఐరన్ ఇంకా బాగా పడుతుంది.

ఒక్కపొద్దుల సంగతి కూడా చెప్పాలి. శనివారం, ఏకాదశి ఉపవాసం అని పగలంతా ఉండి రాత్రికి సగ్గుబియ్యం కిచిడీ, ఉప్మా, పూరీ తింటే మామూలు రోజు కంటే ఎక్కువ తిన్నట్టు అవుతుంది. ఉపవాసం మీ భక్తి, దాని జోలికి నేను రాను, ఫలహారంలో మాత్రం పండ్లు, పెరుగు, గుప్పెడు పల్లీలు ఉండేలా చూసుకోండి. పెళ్లిళ్లకి వెళ్తే ఖుబానీ కా మీఠానో, డబుల్ కా మీఠానో ఏదో ఒక్కటి ఇష్టంగా తినండి, చాట్ కౌంటర్ దాటేసి నేరుగా భోజనానికి వెళ్లండి.

ఇంట్లో వండేవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, ఒక మాట మనసుపెట్టి చెప్తున్నాను. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నం, పిల్లలు వదిలేసిన సగం దోసె పారేయలేక మీరే తినేస్తారు, కూర మాత్రం అప్పటికి అయిపోయి ఉంటుంది. మీ వాటా పప్పు, కూర వడ్డనకి ముందే తీసి పక్కన పెట్టుకోండి. మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టేస్తే రేపటికి పనికొస్తుంది. ఇంట్లోవాళ్లందరూ దీన్ని మామూలు విషయంగా తీసుకోవాలి.

నడక తప్పదు. కేబీఆర్ పార్కు, ఇందిరా పార్కు, ఉస్మానియా క్యాంపస్, ఏది దగ్గరైతే అది, ఎండాకాలంలో ఏడింటిలోపు ముగించండి. వారానికి 150 నిమిషాలు గబగబా నడవాలి, దాంతో పాటు వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులు పెట్టి పుషప్‌లు, ఇలాంటి కండకి పని చెప్పేవి చేయండి. తిండి మార్చకుండా నడక ఒక్కటే పెంచితే బరువు తగ్గడం చాలా నెమ్మది, అరగంట నడిచింది రెండు సమోసాలతో పోతుంది.

బరువు వారానికి ఒకసారే, పొద్దున్నే, ఏమీ తినకముందు చూసుకోండి. రోజూ చూస్తే ఉప్పుకీ నీళ్లకీ పెరిగి తగ్గే బరువు చూసి టెన్షన్ పడతారు. వారానికి అరకిలో తగ్గితే చాలా బాగా తగ్గుతున్నట్టే. నడుము చుట్టుకొలత టేపుతో కొలిచి రాసుకోండి, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే పొట్ట కొవ్వు ఎక్కువున్నట్టు లెక్క. మూడు నాలుగు వారాలు బరువు కదలకపోతే మళ్లీ త్రాసు తీసి బియ్యం, నూనె కొలవండి, చేతి అంచనా తెలియకుండానే పెరిగిపోతుంది.

షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి, షుగర్ పడిపోవచ్చు. కిడ్నీ సమస్య ఉంటే పప్పు పెంచడం గురించి ముందే అడగండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇప్పుడు బరువు తగ్గే ప్రయత్నం పెట్టుకోవద్దు. ఎంత జాగ్రత్తగా తిన్నా నీరసం, అరికాళ్ల తిమ్మిర్లు ఉంటే బీ12 పరీక్ష చేయించుకోండి, శాకాహారుల్లో అది తక్కువగా ఉండటం మామూలే. థైరాయిడ్ కూడా దాంతోపాటే చూపించుకోవచ్చు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ ఆదివారం ఎర్రగడ్డ, మెహదీపట్నం, సరూర్‌నగర్, మీకు ఏ రైతుబజారు దగ్గరైతే అక్కడికి వెళ్లి మామూలుగా తెచ్చేదానికి రెట్టింపు కూరగాయలు, నాలుగైదు రకాల ఆకుకూరలు తెచ్చుకోండి. సాయంత్రం కూర్చుని ఆకు తుంపి, పాత గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టేస్తే వారంలో వంట తేలికవుతుంది. ఆ రాత్రే బొబ్బెర్లు నానబోయండి. మొదటి వారం అన్నం ఎప్పట్లాగే ఉంచి పప్పు, కూర మాత్రం పెంచండి, రెండో వారం నుంచి బియ్యం కొలవండి, నూనె ప్యాకెట్ల లెక్క ఒకటో తారీకున మొదలుపెట్టండి.