సోలార్ సబ్సిడీ ఎక్కడ ఆగింది? హైదరాబాద్ ఇళ్లకు సమస్య - పరిష్కారం

పీఎం సూర్యఘర్ పథకం లెక్క చెప్పడానికి సులువే. డాబా మీద సోలార్ పెట్టించుకునే ఇంటికి కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కి 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కి 18 వేలు ఇస్తుంది. మూడు పెట్టినా పది పెట్టినా 78 వేలకు మించదు. పని అంతా పూర్తయ్యాక ఆ డబ్బు నేరుగా మన ఖాతాలో పడుతుంది. చిక్కంతా అక్కడే. దరఖాస్తు రోజు పేరులో దొర్లిన తేడా, బేరం కుదుర్చుకునేటప్పుడు వెండర్‌ని (ప్యానెళ్లు అమ్మి బిగించే కంపెనీని) అడగడం మర్చిపోయిన మాట ఆ రోజుకు ఏ ఇబ్బందీ పెట్టవు. దాదాపు రెండు లక్షలు ఖర్చుపెట్టి, ప్యానెళ్లు బిగించి, సబ్సిడీ కోసం ఎదురుచూసేటప్పుడు బయటపడతాయి.

అందుకే ఎవరు వచ్చి సబ్సిడీ ఆగిందన్నా నేను మొదట అడిగేది ఒకటే: పథకం వెబ్‌సైటులో, అంటే పోర్టల్‌లో, మీ దరఖాస్తు ఏ దశలో ఉంది? రిజిస్ట్రేషన్, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అనుమతి, వెండర్ ఎంపిక, బిగింపు వివరాలు, తనిఖీ, నెట్ మీటర్ (వచ్చిన, పోయిన కరెంటును విడివిడిగా లెక్కేసే మీటరు), కమిషనింగ్ (సిస్టమ్ నడవడం మొదలైందని డిస్కం ధ్రువీకరించడం), సబ్సిడీ. వరస ఇదే. ఆగిన దశ ఒకటైతే కారణం తరచుగా దానికి రెండు మూడు దశల వెనక ఉంటుంది. కింద రాసినవి హైదరాబాద్‌వి. విజయవాడ, విశాఖలో డిస్కం పేరు మారుతుంది గానీ ఈ వరస మారదు.

సమస్య: పోర్టల్ మన సర్వీసు నంబరు తీసుకోవడం లేదు

హైదరాబాద్ డిస్కం టీజీఎస్‌పీడీసీఎల్ బిల్లు మీద సర్వీసు నంబరు ఒకటి, యూఎస్‌సీ (యూనిక్ సర్వీస్ కనెక్షన్) నంబరు ఒకటి ఉంటాయి. ఒకటి కొట్టి తీసుకోకపోతే రెండోది కొట్టండి. రాష్ట్రం, డిస్కం సరిగ్గా ఎంచుకున్నారో లేదో కూడా చూడండి. దరఖాస్తు మాత్రం ప్రభుత్వ పోర్టల్‌లోనే చేయాలి. వాట్సాప్‌లో వచ్చే లింకులు నొక్కకండి. సందేహం ఉంటే పథకం హెల్ప్‌లైన్ 15555కి ఫోన్ చేయండి.

సమస్య: కనెక్షన్ నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన లేరు

పాత కాలనీల్లో సగం తలనొప్పులు ఇక్కడే పుడతాయి. ఇల్లు పిల్లల పేరు మీదికి వచ్చి ఏళ్లయినా కరెంటు బిల్లు మాత్రం పెద్దాయన పేరుతోనే వస్తుంటుంది. కట్టేది మనమే కదా అని ఎవరూ పట్టించుకోరు. సబ్సిడీ మాత్రం కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే వారి ఖాతాకే వెళ్లాలి. ఆ ఖాతా మూసేసి ఉంటే డబ్బు పడే చోటే లేదు.

దరఖాస్తుకు ముందే పేరు మార్పించుకోండి. కరెంటాఫీసులో దీన్ని టైటిల్ ట్రాన్స్‌ఫర్ అంటారు. మరణ ధ్రువపత్రం, ఇంటి కాగితాలు లేదా వారసుల పత్రం, మీ ఆధార్ దగ్గర పెట్టుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల ఒప్పుకోలు కూడా రాయించి ఉంచుకుంటే రెండోసారి తిరగక్కర్లేదు. పాత బకాయి ఏదైనా ఉంటే ముందు అది కట్టేయండి. కొత్త పేరుతో బిల్లు చేతికి వచ్చాకే పోర్టల్ తెరవండి. తర్వాత చూసుకుందాం లెండి అని వెండర్ తొందరపెట్టినా వినొద్దు. ఆయనకు రావలసింది బిగించిన రోజే వచ్చేస్తుంది. ఆగేది మన డబ్బే.

ఇదే చోట ఇంకో మెలిక ఉంది. కింద కిరాణా కొట్టు పెట్టి ఆ మీటరును కమర్షియల్‌కి మార్చుకున్నవాళ్లకు ఆ కనెక్షన్ మీద సబ్సిడీ రాదు. పై పోర్షన్‌కు విడిగా ఇంటి మీటరు ఉంటే దాని మీద చేసుకోవాలి.

సమస్య: లోడ్ చాలదంటున్నారు

మీకున్న మంజూరు లోడ్ (మీ కనెక్షన్‌కు డిస్కం ఒప్పుకున్న సామర్థ్యం) 2 కిలోవాట్లు, పెట్టాలనుకున్నది 3. ముందు లోడ్ పెంచుకుని రమ్మని ఎవరైనా తిప్పి పంపితే 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను గుర్తు చేయండి. 10 కిలోవాట్ల లోపు ఇంటి సోలార్‌కు సాంకేతిక పరిశీలనతో పని లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్టు లెక్క. దానికి తగ్గట్టు లోడ్ పెంచాల్సిన పని డిస్కందే. మర్యాదగా, రాతపూర్వకంగా అడిగితే సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు సాధారణంగా కాదనరు.

సమస్య: మాది అపార్ట్‌మెంట్, డాబా అందరిదీ

ఒక్క ఫ్లాటు వాళ్లు సొంతంగా పెట్టుకోవాలంటే డాబాలో ఆ మేర వాడుకునే హక్కు, అసోసియేషన్ ఒప్పుకోలు కావాలి. కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగుల చోటు పడుతుంది, నీడ లేని చోటు. నాలుగు ఫ్లాట్లు అడిగేసరికి గొడవ మొదలవుతుంది. నన్నడిగితే అసోసియేషన్ పేరుతో వెళ్లడం మేలు. లిఫ్ట్, నీళ్ల మోటారు, మెట్ల లైట్లు, బండ్ల చార్జింగ్ లాంటి ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కి 18 వేల చొప్పున సబ్సిడీ ఉంది. ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన 500 కిలోవాట్ల దాకా ఇస్తారు. నెలనెలా మెయింటెనెన్స్‌లో కరెంటు వాటా తగ్గితే అందరికీ తగ్గినట్టే.

సమస్య: ఒక వెండర్ చాలా తక్కువకు ఇస్తానంటున్నాడు

సబ్సిడీ కావాలంటే ప్యానెల్ ఒక్కటీ మన దేశంలో తయారైతే చాలదు, లోపలి సెల్స్ కూడా ఇక్కడివే అయి ఉండాలి. వీటిని మార్కెట్లో డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. బయటి సెల్స్‌తో చేసినవాటి కంటే ధర ఎక్కువ. తక్కువ కొటేషన్ వెనక చాలాసార్లు ఉండేది ఇదే. ప్యానెళ్లు బాగానే పనిచేస్తాయి, సబ్సిడీ మాత్రం రాదు.

కొటేషన్‌లో కంపెనీ పేరు, మోడల్, డీసీఆర్ అన్న మాట రాయించుకోండి. సరుకు దిగిన రోజు, పైకి ఎక్కించకముందే, ప్రతి ప్యానెల్ వెనక స్టిక్కర్ మీదున్న సీరియల్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసి, తయారీదారు ఇచ్చిన డీసీఆర్ సర్టిఫికెట్‌లోని నంబర్లతో పోల్చి చూడండి. ఒకసారి బిగించాక వెనక వైపు చూడాలంటే ఫ్రేము కింద పడుకోవాల్సిందే. వెండర్ పేరు పోర్టల్ జాబితాలో ఉందో లేదో, అయిదేళ్ల మెయింటెనెన్స్ ఒప్పందంలో ఉందో లేదో కూడా ఆ రోజుకే తేలిపోవాలి.

సమస్య: సోలార్ పెట్టాక బిల్లు పెరిగింది

వినడానికి వింతగా ఉంటుంది గానీ కారణం చిన్నది. నెట్ మీటర్ ఇంకా రాలేదు, పాత మీటరు మీదే సిస్టమ్ ఆన్ చేసేశారు. పాత మీటర్లలో చాలావాటికి కరెంటు ఏ వైపు పోతోందో తెలియదు. మన డాబా నుంచి లైనులోకి వెళ్లిన యూనిట్లను కూడా మనం వాడినట్టే లెక్కేస్తాయి. నెట్ మీటర్ బిగించి, డిస్కం వాళ్లు సిస్టమ్‌ని లైనుతో కలిపేదాకా (సింక్రనైజ్) సోలార్ ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె, ఆఫ్‌లోనే ఉంచండి. ఎండ వృథా పోతోందన్న ఆత్రంలో ఆన్ చేయొద్దు, అది నిబంధనలకు కూడా విరుద్ధం. మీటరు ఆలస్యమవుతుంటే వెండర్ తనిఖీ కోసం కాగితాలు పెట్టాడో లేదో పోర్టల్‌లో చూడండి. చాలాసార్లు ఫైలు వెండర్ దగ్గరే ఆగి ఉంటుంది.

సమస్య: అన్నీ అయ్యాయి, డబ్బు మాత్రం పడలేదు

కమిషనింగ్ రిపోర్టు వచ్చాక 30 రోజుల్లో సబ్సిడీ రావాలి. రాకపోతే ఈ వరసలో చూడండి.

ముందుగా, మీరు అడిగారా? కమిషనింగ్ అయిపోతే డబ్బు దానంతట అదే వస్తుందని చాలామంది అనుకుంటారు. పోర్టల్‌లోకి మళ్లీ వెళ్లి బ్యాంకు వివరాలు ఇచ్చి, క్యాన్సిల్ చేసిన చెక్కు అప్‌లోడ్ చేసి, సబ్సిడీ కోసం అభ్యర్థన పంపాలి. లాగిన్ వెండర్ ఫోన్ నంబరుతో తెరిచి ఉంటే ఈ కబురు మీదాకా రాదు. రిజిస్ట్రేషన్ మీ సొంత నంబరుతోనే చేసుకోమనేది ఇందుకే.

తర్వాత పేరు. మన తెలుగు పేర్లతో వచ్చే తంటా ఇది. కరెంటు బిల్లు మీద ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ముందు. బ్యాంకులో అదే ఇంటిపేరు వెనక. మనిషి ఒక్కడేనని మనకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. మూడింటిలో ఏది మార్చడం తేలికో చూసుకుని మిగతా రెండింటికీ సరిపోయేలా చేయించండి. మామూలుగా కరెంటు బిల్లులో పేరు దిద్దించడమే తేలిక.

ఆ తర్వాత చెక్కు. బీరువాలో దాచిన పాత ఆంధ్రా బ్యాంకు చెక్కు అప్‌లోడ్ చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇప్పుడు చెల్లదు. కొత్త చెక్కుబుక్కు తీసుకుని కొత్త కోడ్‌తో వివరాలు ఇవ్వండి. ఫొటో మసగ్గా ఉన్నా, ఖాతా చాలాకాలం వాడక నిద్రాణంగా ఉన్నా ఇదే గతి.

లోన్ మీద పెట్టించుకున్నవాళ్లు లోన్ ఖాతా స్టేట్‌మెంట్ కూడా తీసి చూడండి. పోర్టల్‌లో ఆ ఖాతా నంబరే ఇచ్చి ఉంటే డబ్బు అక్కడే జమై అసలు తగ్గి ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండీ రాకపోతే పోర్టల్‌లోనే ఫిర్యాదు పెట్టి, ఆ నంబరు దగ్గర ఉంచుకోండి. నోటిమాటగా ఎన్నిసార్లు అడిగినా తర్వాత చూపించడానికి ఆధారం ఉండదు.

సమస్య: ప్యానెళ్లు తయారుచేసింది ఒకటి, బిల్లులో ఉన్నది ఒకటి

ఇన్వర్టర్ యాప్‌లో నెలకు 340 యూనిట్లు తయారైనట్టు ఉంది. బిల్లులో ఎక్స్‌పోర్ట్ (లైనులోకి పంపినది) 210 అనే వచ్చింది. మిగతా 130 ఏమయ్యాయని టెన్షన్ పడతారు. అవి ఎక్కడికీ పోలేదు. పగలు ఫ్రిజ్, మోటారు, ఏసీ నడిచినప్పుడు మీటరు దాకా వెళ్లకుండా ఇంట్లోనే ఖర్చయ్యాయి. రాత్రి లైను నుంచి 190 తీసుకున్నారనుకుందాం. అప్పుడు మీ ఇంటి అసలు వాడకం 320, మిగులు 20 యూనిట్లు తర్వాతి నెలకు జమ. అయినా బిల్లు సున్నా రాదు, ఫిక్స్‌డ్ చార్జీలు ఎప్పుడూ ఉంటాయి.

వాడకం ఎక్కువున్న ఇంటికి లాభం స్లాబులో కనిపిస్తుంది. నెలకు 600 యూనిట్లు కాల్చే ఇంటికి ఇప్పుడున్న రేట్లలో కరెంటు చార్జీ 4,590. సోలార్ 340 పోగా 260 మిగిలితే 1,482. కోత ఎక్కువగా పడేది 9, 9.50 రూపాయల పై స్లాబుల్లో కాబట్టే అంత తేడా. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న ఇంటికి అప్పు చేసి సోలార్ పెట్టడంలో నాకైతే అర్థం కనిపించదు.

సోలార్ వచ్చిందిగా అని ఏసీ రెండు గంటలు ఎక్కువ వేయడం కూడా బిల్లు తగ్గకపోవడానికి పెద్ద కారణమే. ఇక్కడ ఒక పని సబ్సిడీతో నిమిత్తం లేకుండా చేయొచ్చు. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే కరెంటు తక్కువ తాగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగే ఇంట్లో నెలకు దాదాపు 65 యూనిట్లు మిగులు. ఒక కిలోవాట్ ప్యానెళ్లు నెలంతా తయారుచేసే దాంట్లో సగానికి పైనే. ప్యానెళ్ల సైజు తేల్చుకునే ముందు ఫ్యాన్లు మార్చండి.

సమస్య: కరెంటు పోతే సోలారూ ఆగిపోతోంది

లోపం కాదు. మన కరెంటు లైనులోకి వెళ్లి స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం తీయకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగాలి. బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకోవచ్చు గానీ బ్యాటరీకి సబ్సిడీ లేదు. ఇంట్లో ఉన్న పాత బ్యాటరీ ఇన్వర్టర్‌ని అలాగే వాడుకుంటే చాలు.

సమస్య: మొదట్లో వచ్చినంత రావడం లేదు

జులై, ఆగస్టు మబ్బుల్లో తగ్గడం మామూలే. ఎండాకాలంలో కూడా తగ్గితే డాబా ఎక్కి చూడండి: దుమ్ము, పావురాల రెట్టలు, పక్కన కొత్తగా లేచిన అంతస్తు నీడ. ఒక ప్యానెల్ మూల మీద ట్యాంకు నీడ పడినా ఆ వరస మొత్తం మందగించవచ్చు. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో కడగండి. బోరు నీళ్లు వద్దు, తెల్లటి చార కట్టి తర్వాత ఎంత రుద్దినా పోదు. మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే రోజు ఒక బకెట్ పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

మిట్టమధ్యాహ్నమే ఆగి ఆగి వస్తుంటే దుమ్ము కాదు, లైను వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్ ట్రిప్ అవుతోంది. ఆగిన క్షణంలో డిస్‌ప్లే మీద వోల్టేజీ కనిపించేలా ఫొటో తీయండి. ముందు వెండర్‌తో మీటరు దాకా ఉన్న కేబుల్ మందం, జాయింట్లు చూపించండి. అవి బాగుంటే 1912కి ఫిర్యాదు చేసి, ఆ ఫొటోలు లైన్‌మన్‌కు చూపించండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ట్యాప్ సరిచేసి వోల్టేజీ తగ్గించడం వాళ్ల చేతిలో పని.